పధ్నాలుగో రోజు పేజీ

ఆ వేసవిలో రోజూ సాయంత్రం ఇంటికి చేరగానే నేను చేసే మొదటి పని, గేటు పక్క కుళాయి దగ్గర కూర్చుని చెప్పులు కడగడం. కాళ్ళ సంగతి తర్వాత. ముందు చెప్పులు. అడుగున గాళ్ళలో ఇరుక్కున్న బురదని పాత టూత్‌బ్రష్‌తో తోమి తీసేవాణ్ణి. ప్యాంటు అంచులు తడిపి పిండేవాణ్ణి. స్నానం చేసి, మామూలు రిటైర్డు లెక్చరర్‌లా వరండాలో కుర్చీ వేసుకుని పేపరు పట్టుకునేసరికి ఏడయ్యేది. ఏడుంబావుకి మా అమ్మాయి నిస్సీ తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఏలూరులో రైలు దిగి, ఆటోలో ఇంటికొచ్చేది. ఆమె కంట ఆ మట్టి పడకూడదు.

ఆ మట్టి కొల్లేటిది. కాకపోతే ఆ ఇరవై ఆరు రోజులూ దాన్ని అంగారకుడి మట్టి అనుకోవాలని మా ఒప్పందం.

అంగారక గ్రహం మీదికి ఒక రోవర్‌ని పంపడానికి ఏర్పాట్లు చేస్తున్న శాస్త్రవేత్తల బృందంలో నిస్సీ పనిచేస్తోంది. ఆరు చక్రాల బండి. నవారు మంచమంత ఉంటుంది. దాని ముందు ఒక చెయ్యి, ఆ చేతికి నేలని తొలిచి లోపలి మట్టిని పొడుగాటి కడ్డీలా బయటికి తీసే డ్రిల్. ఆ డ్రిల్ నిస్సీది. నాలుగేళ్ళు దానితోనే గడిపింది. అంగారకుడి మీద కూడా ఒకప్పుడు సరస్సులుండేవట. ఎండిపోయిన ఆ అడుగుని తొలిస్తే ఆ నీళ్ళలో ఏముండేదో తెలుస్తుందని వాళ్ళ ఆశ. అందుకు సాధన కావాలంటే ఎండిన సరస్సు కావాలి. ఏప్రిల్ వచ్చేసరికి కొల్లేటి అంచులు నెర్రెలు విచ్చి, నత్తగుల్లలు తేలి, అచ్చం వాళ్ళ కంప్యూటర్లలో బొమ్మల్లాగే ఉంటాయి.

మార్చి నెలాఖరులో బృందానికి పెద్ద అయిన శేషారత్నం మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు ఇంటర్‌లో నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్న పిల్ల. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది.

"మాస్టారూ, మీతో పని పడిందండి. ఇరవై ఆరు రోజులు కొల్లేట్లో ఎండలో నిలబడి, జరిగింది జరిగినట్టు ఒక పుస్తకంలో రాయాలి. అంతే. బండిని ముట్టుకోకూడదు. బురదలో కూరుకుపోతున్నా సరే."

"ల్యాబ్ నుంచి దాన్ని నడిపేవాళ్ళు చూసుకుంటారు కదా?"

"వాళ్ళకి ఆ చోటు ఎక్కడుందో కూడా చెప్పమండి. కిటికీలకి పరదాలు వేసుకుని గూడెంలో కూర్చుంటారు. బండి తీసిన ఫొటోలు తప్ప ఇంకేమీ చూడరు. రోజుకి ఒక్కసారే, పొద్దున్న తొమ్మిదింటికి ఆజ్ఞలు పంపుతారు. అక్కడ కూడా అంతే కదండీ! ఆ గ్రహం మీద బండికి ఎదురొచ్చి, అమ్మా అటు వెళ్ళకండి, గొయ్యుంది అని చెప్పేవాళ్ళెవరు?"

టీ తీసుకొచ్చిన నిస్సీ గుమ్మంలోనే ఆగి, "మేడమ్, నేనూ డాడీ ఒకే ఇంట్లో ఉంటాం. నేను నడిపే బండి గురించి ఆయన రాస్తే రేపు ఎవరైనా మాటంటారు" అంది.

శేషారత్నం నవ్వింది. "నువ్వు ఇంటర్ రాసిన సంవత్సరం ప్రాక్టికల్స్ ప్రశ్నలు ఎవరి బీరువాలో ఉన్నాయే? మీ నాన్నగారి బీరువాలో. నీకెన్ని మార్కులొచ్చాయి?"

"ముప్పైకి ఇరవై రెండు."

"చాలు. ఆయన మాట నాకు చాలు."

నాకు ఆ మాట ఎంత బాగుందో చెప్పలేను. నా భార్య సరోజ పోయాక రెండేళ్ళలో నన్ను నమ్మి ఎవరైనా ఒక పని అప్పగించడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే బజారుకెళ్ళి గట్టి అట్ట ఉన్న రూళ్ళ పుస్తకం కొనుక్కొచ్చాను.

ఇంకో సంగతి కూడా శేషారత్నం వెళ్ళేముందు చెప్పింది. డ్రిల్ ఒక్కటే తయారైంది. మే నెలలో బెంగళూరు నుంచి వచ్చే కమిటీ ఈ ఇరవై ఆరు రోజుల ఫలితం చూసి, అది బండితో వెళ్ళాలో వద్దో తేలుస్తుంది. ఆ గ్రహానికి దారి అనుకూలించేది ఇరవై ఆరు నెలలకొకసారి. ఇప్పుడు తప్పితే నిస్సీ అంతకాలం ఆగాలి. ఆగినా పిలుస్తారన్న నమ్మకం లేదు.

*

బండి నడిచే ఆ ఎండిన నేలని 'పొలం' అనేవాళ్ళం. అక్కడ మేం ముగ్గురం. చక్రాలు తయారుచేసిన శశాంక్, నల్లజర్ల కుర్రాడు, ముప్పై దాటాయి, ఏడాది కూతురుంది. నేను. మూడోవాడు సత్తిరాజు. నా ఈడువాడే. గుడివాకలంక దగ్గర ఒకప్పుడు దోనె నడిపేవాడు. గేదెలు బండి దగ్గరికి రాకుండా చూడటం అతని పని.

బండి నత్త కంటే మెల్లగా నడిచేది. దాని వెనకాల మేం ముగ్గురం గొడుగులు వేసుకుని శవయాత్రకి వెళ్తున్నట్టు నడిచేవాళ్ళం. ఫొటోల్లో మనుషుల అడుగులు పడకూడదు కాబట్టి సత్తిరాజు కొబ్బరి చీపురుతో మా జాడలు ఊడ్చుకుంటూ వచ్చేవాడు.

"మా ఆవిడ చూస్తే నవ్వుద్దండి. ఇంట్లో చీపురు పట్టని మొగోడు గ్రహాలు ఊడుస్తున్నాడని."

"ఏ గ్రహమో తెలుసా సత్తిరాజూ?" అన్నాడు శశాంక్.

"ఆయ్! తెలవకపోవడమేంటండి, కుజుడు. మా మేనకోడలికి కుజదోషం ఉందని మూడు సంబంధాలు తప్పిపోయాయి. దూరాన ఉండే ఆయన చూపు పడితేనే ఇంత గోల. మీరేమో బండి కట్టుకుని ఆయన గుమ్మంలోకే పోతామంటున్నారు."

మొదటి వారంలోనే నేను రాయడంలో పడ్డాను. ఎండ ఎంత, గాలి ఎటు, బండి ఎన్ని గంటలకి కదిలింది, ఎంత దూరం, ఏ చక్రం ఎంత లోతు దిగింది. స్కేలు పెట్టి కొలిచి రాసేవాణ్ణి. మధ్యాహ్నం సత్తిరాజు ఇంటి నుంచి మజ్జిగ వచ్చేది. రెండింటికల్లా పడమటి గాలి కాస్త చల్లగా తిరిగేది. ఇలాంటివి పుస్తకంలో రాయడానికి గడి లేదు గానీ, అవి లేకపోతే ఆ ఎండలో నేను నిలబడేవాణ్ణి కాదు.

ఇంట్లో మాత్రం విచిత్రంగా ఉండేది. రోజంతా ఒకే బండితో గడిపి వచ్చిన ఇద్దరం, భోజనాల బల్ల దగ్గర వంకాయ గురించి మాట్లాడుకునేవాళ్ళం.

"ఎండగా ఉందా డాడీ ఇవాళ?" అనేది, అలవాటు కొద్దీ.

"ఎక్కడ?" అనేవాణ్ణి.

నాలిక కరుచుకుని నవ్వేది. "ఏలూర్లో."

"ఏలూర్లో అయితే ఉంది."

*

పదమూడో రోజు సాయంత్రం బండి ఆగిపోయాక సత్తిరాజు నన్ను పక్కకి పిలిచాడు. చేతిలో ఎండిన కిక్కిస గడ్డి కాడ ఉంది.

"ఇటు రండి మాస్టారూ. ఓ సంగతి చూపిస్తాను."

బండికి ఎదురుగా ఓ ఇరవై అడుగుల అవతల, ఆ రోజుకి బండి ఫొటోలు తీయడం అయిపోయింది కాబట్టి ధైర్యంగా, కాడని నేలలో గుచ్చాడు. పైన పెంకు పటుక్కుమని విరిగింది. ఆ తర్వాత కాడ ఏ అడ్డూ లేకుండా మోచేతి లోతు దిగిపోయింది. బయటికి లాగితే నల్లగా, తడిగా మెరిసింది.

"పాత చేపల చెరువు గొయ్యండి ఇది. పూడ్చారు గానీ సరిగ్గా పూడ్చలేదు. పైన అప్పడం, కింద బురద. మనిషైతే మోకాలి దాకా దిగుతాడు. ఆ బండైతే ముక్కు దాకా మునిగిపోద్దండి. రేపు ఇటు రాకపోతే సరే."

విరిగిన పెంకుని సరిచేసి, చీపురుతో ఊడ్చాడు.

"చెప్పకూడదంటారు కదండీ," అన్నాడు నా మొహం చూసి.

"చెప్పకూడదు."

"మరి నాకెందుకండీ తెలియడం," అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు పేజీలో ఆ గొయ్యి సంగతి రాశాను. లోతు కూడా రాశాను. దాచలేదు. పుస్తకం ఎలాగూ చివరి రోజు దాకా ఎవరూ చూడరు.

ఇంటికొచ్చి, చెప్పులు కడుక్కుని, చర్చిలో ప్రార్థన కూటానికి వెళ్ళాను. పాస్టరుగారికి జ్వరమట, పది నిమిషాల్లో ముగించారు. తిరిగొచ్చేసరికి నిస్సీ డాబా మీద ఫోన్‌లో మాట్లాడుతోంది. నేనింకా రాలేదనుకుంది. ఆరేసిన బట్టలు తీద్దామని సగం మెట్లెక్కిన నాకు ప్రతి మాటా వినిపించింది.

"అవును మేడమ్, తిన్నగానే. ముప్పై అడుగులు. ఫొటోల్లో అక్కడే నేల చదునుగా, గట్టిగా ఉంది. డ్రిల్ దించడానికి అంతకంటే మంచి చోటు దొరకదు."

అలాగే మెట్ల మీద నిలబడిపోయాను. ముప్పై అడుగులు తిన్నగా వెళితే ఇరవయ్యో అడుగు దగ్గర ఆ గొయ్యి. బండికి ముందుండేది డ్రిల్లే. అదే మొదట దిగుతుంది. కూరుకుపోతే మేం ఎత్తకూడదు, లాగకూడదు. అక్కడితో పరీక్ష సమాప్తం. నాలుగేళ్ళూ ఆ బురదలో.

కిందికి దిగి వచ్చి, గేటు చప్పుడు చేసి, అప్పుడే వచ్చినట్టు "నిస్సీ!" అని పిలిచాను. నా జీవితంలో మా అమ్మాయి దగ్గర నటించడం అదే మొదలు.

పొద్దున్న ఐదున్నరకి ఆమె వరండాలో కూర్చుని చెప్పుల పట్టీలు పెట్టుకుంటోంది. ఒక కాలిది అయింది. రెండో కాలిది చేతిలో ఉంది. టిఫిన్ డబ్బా అందిస్తూ అనేశాను.

"తిన్నగా వెళ్ళకమ్మా. కింద బురదుంది. కుడికి తిప్పు."

ఆమె తల ఎత్తలేదు. చేతిలో పట్టీ అలాగే ఉంది. ఎదురింటి వాళ్ళు వాకిలి కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినబడుతోంది. కాసేపటికి పట్టీ పెట్టుకుని, లేచి, డబ్బా తీసుకుంది.

"సరే డాడీ. తలుపు వేసుకోండి."

అంతే అంది.

*

తొమ్మిదింటికి ఆజ్ఞలు వచ్చాయి. బండి కాసేపు గురగురలాడి, ముందు చక్రాలు తిప్పి, కుడికి మళ్ళింది. గొయ్యి అంచుకి పది అడుగుల దూరంలో, చుట్టూ చూసుకుని నడిచే మనిషిలా, చక్కగా పక్కనుంచి వెళ్ళిపోయింది.

శశాంక్ ఎగిరి గంతేశాడు. అతనికి కూడా సత్తిరాజు ముందు రోజే ఆ గొయ్యి చూపించాడట. రాత్రంతా నిద్రపోలేదట.

"ఎలా కనిపెట్టారండీ మాస్టారూ! ఒట్టి ఫొటోలు చూసి! నిస్సీ మేడమ్ మామూలు మనిషి కాదండి బాబూ!"

సత్తిరాజు చీపురు పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి, ఊడుస్తూ ఊడుస్తూ నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కడ కూడా ఓ సత్తిరాజు ఉన్నట్టున్నాడండి."

నేను స్కేలు తీసుకుని చక్రం జాడ దగ్గర వంగాను. అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మధ్యాహ్నం మజ్జిగ గ్లాసు ఎప్పటిలాగే అందించాడు.

సాయంత్రం పుస్తకం తెరిచాను. ఎండ నలభై మూడు. పడమటి గాలి. తొమ్మిది ఇరవైకి బండి కదిలింది. కుడికి మళ్ళి ముప్పై నాలుగు అడుగులు నడిచింది. చివర్లో 'విశేషాలు' అని ఒక గడి ఉంది. కలం పట్టుకుని ఆ గడి ముందు ఎంతసేపు కూర్చున్నానో. 'విశేషం ఏమీ లేదు' అని రాసి, సంతకం పెట్టి, మూసేశాను.

అక్కడి నుంచి అన్నీ బాగా జరిగాయి. డ్రిల్ పదకొండు చోట్ల దిగింది. పదకొండుసార్లూ వెన్నలోంచి పుల్ల తీసినట్టు మట్టి కడ్డీ బయటికి వచ్చింది. శశాంక్ ఫోన్‌లో వాళ్ళావిడకి చెబుతుంటే విన్నాను, "మన చక్రాలూ వెళ్తాయి, మేడమ్ గారి డ్రిల్లూ వెళ్తుంది, రాసిపెట్టుకో" అని.

నిస్సీలో ఏ మార్పూ కనిపించలేదు. కాదు, కనిపించింది, నేను దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను. రైలు దిగి ఎంత అలిసిపోయి వచ్చినా తనే వంట చేసేది. నాకు ఇష్టమని రెండుసార్లు కొరమేను పులుసు పెట్టింది. నేను చెప్పిన మాట పనికొచ్చిందని లోపల మురిసిపోతోంది, బయటికి అనలేకపోతోంది అనుకున్నాను. ఇరవయ్యో రోజో, ఇరవై ఒకటో, అన్నం వడ్డిస్తూ అడిగింది.

"డాడీ, మీ పుస్తకంలో అన్నీ రాస్తున్నారా?"

"రాయకపోతే ఎలాగమ్మా."

"అన్నీ?"

"అదేం ప్రశ్నే?"

ఇంకొంచెం పులుసు పోసింది. "ముల్లు చూసుకోండి," అంది.

*

పుస్తకాలు విప్పే రోజు మే నెల మధ్యలో వచ్చింది. పరీక్ష ముగిశాక పొలంవాళ్ళనీ ల్యాబ్‌వాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి, రెండు పుస్తకాలనీ రోజు వెంట రోజు పైకి చదివిస్తారు. ముందు పొలం పుస్తకం, ఎవరు రాస్తే వాళ్ళే చదవాలి. తర్వాత అదే రోజు ల్యాబ్ పుస్తకం. వాళ్ళ పుస్తకంలో ప్రతి నిర్ణయం పక్కనా 'ఎందుకు' అని ఒక గడి ఉంటుంది. బండి ఎందుకు ఆగింది, ఎందుకు మళ్ళింది, అన్నీ అందులో రాయాలి. నేలకి తెలిసింది ఒకవైపు, వీళ్ళకి తోచింది ఒకవైపు. అప్పటిదాకా ఒకరి పుస్తకం ఒకరు చూడరు.

గూడెంలో రైస్ మిల్లుల వెనక ఒక పాత గోడౌన్‌ని అద్దెకు తీసుకుని ల్యాబ్ చేసుకున్నారు. నేను అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పరదాలు తీసేశారు. ఊక వాసన లోపలికి వస్తోంది. బెంగళూరు నుంచి వచ్చిన ముగ్గురూ ఒక బల్ల దగ్గర. ల్యాబ్‌వాళ్ళు తొమ్మండుగురు ఒకవైపు, నిస్సీ చివర. నేనూ శశాంక్ ఎదురుగా. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సత్తిరాజు మా వెనక.

మొదటి రోజుల్లో నవ్వులే నవ్వులు. ఏడో రోజు ల్యాబ్‌వాళ్ళు 'వింత శిల' అనుకుని రెండు గంటలు ఫొటోలు తీసింది గేదె పేడ అని నా పుస్తకం చెప్పింది. బెంగళూరు పెద్దాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పదమూడో రోజు నేను గొయ్యి సంగతి చదివితే ల్యాబ్‌వాళ్ళెవరూ ఉలిక్కిపడలేదు. ఆశ్చర్యపోతారనుకున్నాను. అందరూ బల్ల వైపే చూస్తున్నారు. అదేమిటో అప్పుడు నాకు తట్టలేదు.

పేజీ తిప్పాను.

"పధ్నాలుగో రోజు. ఎండ నలభై మూడు. తొమ్మిది ఇరవైకి బండి కదిలింది. కుడికి మళ్ళి ముప్పై నాలుగు అడుగులు నడిచింది. విశేషం ఏమీ లేదు."

నిస్సీ లేచి నిలబడింది. మామూలు గొంతుతోనే చదివింది.

"పధ్నాలుగో రోజు. ముందు అనుకున్న దారి, తిన్నగా ముప్పై అడుగులు. మార్చిన దారి, కుడికి. ఎందుకు: ముందున్న నేల కింద బురద ఉందని మా నాన్నగారు ఇవాళ పొద్దున్న ఇంట్లో నాతో అన్నారు. ఈ సంగతి ఫొటోల వల్ల తెలిసింది కాదు. తెలిసి కూడా తిన్నగా నడిపితే బృందం బండిని నేను చేతులారా ముంచినట్టు. మళ్ళిస్తే పరీక్షని మోసం చేసినట్టు. బండి అందరిదీ కాబట్టి మళ్ళించాను. పరీక్ష నాది కాబట్టి, ఈ రోజు నుంచి డ్రిల్ ఫలితాలు లెక్కలోకి తీసుకోవద్దని కోరుతున్నాను. ఉదయం ఎనిమిదీ నలభై. సంతకం, నిస్సీ. సాక్షి సంతకం, శేషారత్నం."

కూర్చుంది.

పైన ఫ్యాన్ తిరుగుతోంది. మిల్లులో ఏదో బస్తా దబ్బున పడింది. నాకు ముందు అర్థం కాలేదు, నిజంగా. ఆ ఇల్లు ఎవరిదో, ఆ నాన్నగారెవరో వేరే మనిషి సంగతి వింటున్నట్టు ఉండిపోయాను. తర్వాత ఆమె చదివిన టైం గుర్తొచ్చింది. ఎనిమిదీ నలభై. రైలు దిగి, ఆ గోడౌన్‌లోకి వచ్చి, ఇంకా ఆజ్ఞలు పంపకముందే రాసేసింది. పరీక్షలో మిగిలిన పన్నెండు రోజులూ, ఆ తర్వాతా మా బల్ల దగ్గర కూర్చుంది. నాకు పులుసు పోసింది. అన్నీ రాస్తున్నారా అని రెండుసార్లు అడిగింది. ఆ గదిలో తొమ్మిదిమందికీ తెలుసు. ల్యాబ్ నుంచి పొలానికి ఏ మాటా చేరకూడదు కాబట్టి నాకెవరూ చెప్పలేదు. నియమాన్ని వాళ్ళు పాటించారు.

"మాస్టారూ," అన్నాడు బెంగళూరు పెద్దాయన, చాలా మర్యాదగా. "ఇది మీ పుస్తకంలో లేదేమండీ?"

"లేదండి."

"మర్చిపోయారా?"

శశాంక్ నా వైపు తిరిగాడు. అతని మొహంలో ఇంకా నమ్మకముంది. ఔనంటే చాలు అన్నట్టు చూస్తున్నాడు.

"లేదండి. రాయలేదు."

ఆయన తలూపి, పక్కవాళ్ళతో ఏదో మాట్లాడి, శేషారత్నం వైపు తిరిగాడు. "డ్రిల్ సంగతి ఆమె ముందే తేల్చేసింది. ఈసారికి అది వెళ్ళదు. నాకు చిక్కంతా ఈ పుస్తకంతోనండీ. ఒక పేజీలో లేదని తేలాక మిగిలిన ఇరవై అయిదు పేజీల్లో ఏముందో ఏం లేదో మాకెలా తెలుస్తుంది? చక్రాల కొలతలన్నీ ఇందులోవే కదా."

అప్పుడు శశాంక్ మొహం చూశాను. చూడకుండా ఉండాల్సింది. నిస్సీ రాసినందువల్ల పోయింది నిస్సీ డ్రిల్ ఒక్కటే. నేను రాయనందువల్ల అతని చక్రాలు కూడా ఆగిపోయాయి. తీసిన ప్రతి ఫొటోతో నా ప్రతి వాక్యాన్నీ సరిచూశాక గానీ వాటి సంగతి తేల్చలేమన్నారు. రెండు నెలల పని. ఆ పని శశాంక్‌దే.

బయటికి వస్తుంటే సత్తిరాజు నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు.

*

రైల్లో కిటికీ పక్క సీట్లు దొరికాయి. ఎదురెదురుగా కూర్చున్నాం. రైలు చేబ్రోలు దాటింది.

"చెప్పకుండా ఉండలేకపోయానమ్మా," అన్నాను.

"తెలుసు డాడీ. నేనైనా చెప్పేదాన్నేమో."

"మరి?"

"చెప్పారు. సరే. సాయంత్రం పుస్తకంలో ఒక్క లైను రాస్తే సరిపోయేది. ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకే మాట ఉండేది. నా డ్రిల్ ఆగేది, అంతే." కిటికీలోంచి బయటికి చూస్తోంది. "మీరు చదవబోతుంటే అనుకున్నాను, ఉంటుందిలే, డాడీ రాయకుండా ఉండరని. చివరి మాట దాకా అనుకుంటూనే ఉన్నాను."

ఆమె నా మీద కోప్పడితే బాగుండుననిపించింది. పల్లీలమ్మే అతను వస్తే రెండు పొట్లాలు కొని ఒకటి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంటే ఆమే విప్పి ఇచ్చింది.

తర్వాత రోజుల్లో మా ఇంట్లో మాటలు తగ్గాయి, గొడవ మాత్రం లేదు. ఆమె ఎప్పటిలాగే వెళ్ళేది, వచ్చేది. నేను శశాంక్‌కి ఫోన్ చేసి క్షమించమన్నాను. "పర్లేదండి మాస్టారూ" అన్నాడు. ఆ 'పర్లేదు' వెనక వాళ్ళ పాప ఏడుపు వినిపించింది. ఆదివారం కూడా ఇంట్లో ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాడు.

జూలై రెండో వారంలో, వానలు పట్టాక, ఒక సాయంత్రం నిస్సీ సూట్‌కేసు దించి దులిపింది.

"గూడెంలో గది తీసుకున్నాను డాడీ. రేపు పొద్దున్న రైలుకి వెళ్తాను. ఆదివారాలు వస్తాను."

ఎందుకని అడిగే హక్కు నాకు లేదనుకున్నాను. ఇంత దాకా భరించింది, ఇక భరించలేక వెళ్ళిపోతోంది అనుకున్నాను. రాత్రి ఆమె బట్టలు సర్దుకుంటుంటే నేను పచ్చళ్ళు సీసాల్లో పెట్టి, మూతలకి గుడ్డలు కట్టాను.

మర్నాడు స్టేషన్‌లో పాసింజరు అరగంట ఆలస్యం. బెంచీ మీద కూర్చున్నాం. ఆమె బ్యాగులోంచి ఒక కాగితం తీసి నాకిచ్చింది.

"వచ్చే వేసవిలో మళ్ళీ పరీక్ష పెడుతున్నారు. డ్రిల్‌కి ఇంకో అవకాశం ఇచ్చారు, తర్వాతి ప్రయాణానికి. ఇది పొలంలో పుస్తకం రాసేవాళ్ళ ఫారం."

"నాకెందుకమ్మా ఇది?"

"పైన పేరు చూడండి."

నా పేరే ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"శేషారత్నం ఒప్పుకుందా?"

"ఒప్పుకోలేదు. మూడుసార్లు కాదన్నారు. మొన్న శశాంక్ సరిచూడటం ముగించాడు డాడీ. మీ ఇరవై అయిదు పేజీలూ. ఒక నిమిషం తేడా లేదు, ఒక సెంటీమీటరు తేడా లేదు. చక్రాలు పాసయ్యాయి. ఇలా రాసేవాళ్ళు మనకి ఇంకెక్కడ దొరుకుతారు మేడమ్ అని అతనే అడిగాడు. నాలుగోసారి ఫారం ఇచ్చారు. ఒక్క షరతు పెట్టారు."

వేలు పెట్టి కింద గడి చూపించింది. 'బృందంలో ఎవరితోనైనా సంబంధం' అని అచ్చు వేసి ఉంది. దాని ఎదురుగా ఆమె దస్తూరీతో నిండి ఉంది. తండ్రి. ఒకే ఇంట్లో నివాసం లేదు.

ఆ అక్షరాలని ఎంతసేపు చూశానో తెలియదు. ఆమె సూట్‌కేసు వైపు చూశాను.

"అందుకా నువ్వు..."

"మరి దేనికనుకున్నారు?"

జేబులోంచి కలం తీసి, మూత విప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడొద్దు డాడీ. ఇంకా ఒకే ఇంట్లోవాళ్ళమే. రైలు కదిలాక పెట్టండి. సాయంత్రం శశాంక్ వచ్చి తీసుకుంటాడు."

రైలు వచ్చింది. సూట్‌కేసు నేనే ఎక్కించాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, బెంచీ మీదే కూర్చోండి, ఎండలోకి రాకండి అని చేత్తో సైగ చేసింది. గార్డు జెండా ఊపాడు. ఆఖరి పెట్టె ప్లాట్‌ఫారం దాటేదాకా ఆగి, వాచీ చూసుకుని, సంతకం పెట్టాను. కింద తారీఖు వేసి, ఆ ఫారంలో గడి లేకపోయినా, టైం కూడా రాశాను. ఉదయం తొమ్మిదీ యాభై రెండు.